అంతా క్షేమం దరువు

గుమ్మడివాగు అడవిలో జంతువులకి వంట లేదు, వార్పు లేదు, పొద్దస్తమానూ తీరికే అని మీరనుకుంటున్నారేమో. వట్టిమాట. సాయంత్రం దాకా ప్రాణంతో ఉండటమే అక్కడ పెద్ద ఉద్యోగం. ఆ ఉద్యోగం కాస్త సులువవుతుందని వాళ్ల తాతలు ఒక కంపెనీ పెట్టారు. దాని పేరు టకటక కంపెనీ.

కంపెనీ అనగానే అద్దాల మేడలూ లిఫ్టులూ ఊహించుకోకండి. రాళ్లకొండ మీద ఒక ఎండుచెట్టు, కింద ఏటి ఒడ్డున ఒక ఎండుచెట్టు, ఆ రెంటికీ మధ్య వాగు వెంబడి వరసగా మరికొన్ని. చెట్టుకో వడ్రంగిపిట్ట. కొండమీది పిట్టకి రేసుకుక్కలు కంటపడ్డాయనుకోండి. రేసుకుక్కలంటే తెలుసుగా, గుంపులుగా తిరిగే ఎర్ర అడవికుక్కలు. వాటిని చూడగానే పిట్ట ముక్కుతో చెట్టు మీద ఒక దరువు వేస్తుంది. అది విని కిందిచెట్టు పిట్ట అదే దరువు వేస్తుంది, దాన్ని విని ఆ కిందిది. మీరు ఒక నేరేడుపండు నోట్లో వేసుకుని గింజ ఉమ్మేలోగా కబురు ఏటి ఒడ్డుకి చేరిపోతుంది. నీళ్లు తాగుతున్నవాళ్లంతా నిటారుగా ఉండే రాతిగట్టు ఎక్కేస్తారు. కుక్కలు వచ్చి, ఖాళీ ఇసుక వాసన చూసి, తిట్టుకుంటూ పోతాయి. ఇందుకు బదులుగా అందరూ తలా కాసిని చీమగుడ్లు తెచ్చి పిట్టలకి పెడుతుంటారు.

ఇంత చక్కటి కంపెనీ ఎందుకు దివాలా స్థితికి వచ్చిందంటారా? పాత పెద్ద పురుషోత్తంగారి పుణ్యం. ఆయన నెమలి. మంచివాడే, కాదనను. కానీ ఆయనకి చెడ్డ కబురు పడదు. వింటే పింఛం ముడుచుకుపోతుంది. ఒకసారి ఎవరో పిట్ట తన చెట్టు పుచ్చిపోతోందని చెబితే, దాన్ని తీసుకెళ్లి ముళ్లపొదల్లో వేశారు, అక్కడ దరువు వేస్తే ముక్కుకి ముళ్లు తప్ప ఏం మిగలవు. ఆ రోజుతో మిగతావాళ్లకి బుద్ధి వచ్చింది. పొద్దున్నే ప్రతి చెట్టు నుంచీ ఒకే దరువు. టక్, టకటక, టక్. అంటే 'అంతా క్షేమం' అని అర్థం. పురుషోత్తంగారు బండ మీద కూర్చుని అది విని, మబ్బు లేకపోయినా నాట్యమాడేవారు. చివరికి ఒక వానాకాలం పక్క కొండవాళ్లు పిలిస్తే అక్కడికి వెళ్లిపోయారు.

అప్పటికే ఈ చెట్ల లైను బాగా వెనకబడింది. కబుర్లు ఆలస్యంగా వస్తున్నాయని దుప్పులు గొణుగుతున్నాయి, చీమగుడ్లు తెచ్చేవాళ్లు తగ్గిపోయారు. పెద్దరికం తీసుకోమంటే అందరికీ ఏదో ఒక పనే. ఆఖరికి అడవిదున్న భద్రయ్యగారు, ఆ అడవికి ఆయన మాటే మాట, ఏటి ఒడ్డుకి వచ్చి చెవులపిల్లి వరాలు ముందు ఆగారు.

వరాలు అప్పటిదాకా ఆఖరిచెట్టు కింద నిలబడి, పైన మోగే దరువు విని, అర్థం కానివాళ్లకి అర్థమయ్యేట్టు అరిచి చెప్పేది. చెవులైతే పెద్దవి గానీ పెద్దరికం ఎప్పుడూ ఎరగదు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ఆ కంపెనీకి సీఈవోగా ఉండమని భద్రయ్యగారు అడిగారన్నమాట. వరాలుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. భయం సగమైతే మిగతా సగం ఎందుకో నేను చెబుతా. వరాలు కడుపులో ఉండగా వాళ్లమ్మ ఇదే ఏటి ఒడ్డున నీళ్లు తాగుతుంటే, గవర్రాజు అనే వడ్రంగిపిట్ట వేసిన దరువు విని గట్టెక్కింది. ఆ పూట గవర్రాజు కాస్త కునుకు తీసి ఉంటే వరాలు అనే పిల్ల ఈ కథలో లేదు. అమ్మ ఆ సంగతి చెప్పిచెప్పి పెంచింది. అందుకని చిన్నప్పటి నుంచీ వరాలుకి గవర్రాజు బాబాయి, గవర్రాజుకి అది 'ఒసే వరాలూ'. నా ప్రాణం ఈ కంపెనీ పెట్టిన భిక్ష, కాదనడానికి నాకు నోరెలా వస్తుందని భద్రయ్యగారితో అని, తల ఊపింది.

మొదటిరోజు వరాలు బండ ఎక్కింది. లైనులోని పిట్టలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి పలకరించాయి. గవర్రాజు కూడా వచ్చాడు. ముసలితనం వచ్చి నెత్తిమీది ఎర్రకుచ్చు వెలిసిపోయింది. రెక్కలు దగ్గరపెట్టుకుని, తల వంచి, "నమస్కారం అమ్మగారూ" అన్నాడు.

వరాలుకి గుండెల్లో ఏదో చివుక్కుమంది. నిన్నటిదాకా ఒసే అన్న నోరే ఇది. అయినా పదవి వస్తే ఇలాగే ఉంటుందేమోలే అనుకుని ఊరుకుంది. అక్కడే తప్పులో కాలేసిందని నా అభిప్రాయం.

ఆ మర్నాడే నక్క కోటిలింగంగారు దయచేశారు. ఆయన ఎవరింటికి వెళ్లినా ఆ ఇంటివాళ్ల మేలు కోసమే వెళతారు, ఆయన మాటల్లో. వరాలు పదవిలోకి వచ్చినందుకు పొంగిపోయానన్నాడు. వాళ్లమ్మని తల్చుకుని కాసేపు ముక్కు కూడా చీదాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు.

"చూడమ్మా వరాలూ, నువ్విప్పుడు చెట్టు కింద అరిచే పిల్లవి కాదు. నువ్వు లైను వెంట తిరిగి చెట్టుచెట్టునీ ఆరా తీశావనుకో, మా మీద నమ్మకం లేదా అంటాయి పిట్టలు. పొద్దున్నే అన్ని చెట్ల నుంచీ అంతా క్షేమం వస్తోందా లేదా? అది చూసుకో చాలు. పురుషోత్తంగారు అంతకన్నా ఏం చేశారు?"

కొత్తగా పదవెక్కినవాళ్లకి తమకేమీ తెలియదన్న సంగతి ఎక్కడ బయటపడుతుందోనని ఒకటే బెంగ. తెలిసినవాడిలా ఎవరు మాట్లాడినా పట్టుకుని వేలాడతారు. వరాలు కూడా అంతే చేసింది. బండ మీదే కూర్చుంది. పొద్దున్నే అన్ని చెట్ల పేరా అంతా క్షేమం మోగింది. పాపం పిల్ల, లైను బాగుపడిందనే నమ్మింది. అదృష్టవంతురాలినని రోజూ ఆకాశానికి దణ్ణం కూడా పెట్టుకుంది.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం దుప్పి నాగరత్నం పిల్లని తీసుకుని నీళ్లకి వచ్చింది. ఆఖరిచెట్టు మీద దరువు మోగేసరికే రేసుకుక్కలు ఇసుకలో ఉన్నాయి. నాగరత్నం పిల్లని ఏట్లోకి తోసి తనూ దూకింది. ఇద్దరూ బతికారు గానీ, పిల్ల వెనకకాలు కుక్క నోట్లో పడి నలిగింది. ఆ తర్వాత అది మూడుకాళ్ల మీదే నడిచింది. వరాలు పరిగెత్తుకుంటూ వెళ్లి పలకరిస్తే నాగరత్నం తన పిల్ల కాలు నాకుతూ తల తిప్పుకుంది. తిట్టినా బాగుండేదని వరాలు ఆ రోజంతా మేత ముట్టలేదు.

సాయంత్రం అడవి అంతా భద్రయ్యగారి ముందు కూడింది. టకటక కంపెనీ మూసేయాలని చాలామంది అన్నారు. కోటిలింగంగారు లేచి, ఈ కష్టకాలంలో తన ఊళ అందరికీ ఉచితం అన్నాడు. కొండమీద కూర్చుని ఒక్క ఊళ వేస్తే ఏటి దాకా వినబడుతుందట, చెట్లూ వద్దు, పిట్టలూ వద్దు, చీమగుడ్లూ వద్దట. వినడానికి బాగానే ఉంది. సగం తలలు ఊగాయి కూడా. నక్క ఊళని నమ్ముకుని దుప్పులు నీళ్లు తాగే రోజు వచ్చిందా అని మీకనిపిస్తోంది కదా, భయపడినవాళ్లకి అంత తోచదండీ. వరాలుని పదవిలో నిలబెట్టినవాడు గనక భద్రయ్యగారు కాస్త ఆగి, పున్నమి నాటి పొద్దున తను స్వయంగా కొండ ఎక్కి, తనకి మాత్రమే తెలిసిన ఒక కబురు పంపుతానన్నారు. అది ఏటి ఒడ్డున అందరి ముందూ ఉన్నదున్నట్టు చేరితే కంపెనీ ఉంటుంది, చేరకపోతే లైను మూసేసి ఊళకే ఒప్పుకుందాం అని తీర్పు చెప్పారు.

మర్నాడు వరాలు బండ ఎక్కలేదు. ఆఖరిచెట్టు కింద నుంచి బయల్దేరి వాగు వెంబడి పైకి నడిచింది. కాస్త ఎగువన వాగు ఒక మలుపు తిరుగుతుంది. అక్కడ వరసగా ఎండుచెట్లున్నాయి. వరాలు ఒక చెట్టు కింద నిలబడి పిలిచింది. పలుకు లేదు. పక్కచెట్టు కిందా పలుకు లేదు. తొర్రల్లో సాలెగూళ్లు, కింద ఒక్క చెక్కపొట్టయినా కొత్తది లేదు. మలుపు మొత్తం ఖాళీ. ఆ పొద్దున్నే ఆ చెట్ల నుంచి అంతా క్షేమం మోగడం తన చెవులతో విన్నది వరాలు. ఆ చెవులు కిందికి వాలిపోయాయి.

మలుపు దాటగానే ఉండే చెట్టు గవర్రాజుది. వరాలు అక్కడికి వెళ్లి, మలుపు చెట్ల సంగతేమిటని మెల్లగా అడిగింది. గవర్రాజు ఒకసారి ఎగిరిపోబోయాడు, మళ్లీ కొమ్మకి అతుక్కున్నాడు.

"చెప్పమంటారా అమ్మగారూ?"

"చెప్పు బాబాయ్."

"కిందటి ఎండాకాలం నుంచీ అక్కడ ఎవరూ లేరండీ. కొండ అవతల పడిపోయిన చెట్టు నిండా చెదలున్నాయి, ఈ కంపెనీ ఇవాళో రేపో మూతపడుతుంది, మీ ముక్కులెందుకు అరగదీసుకుంటారని కోటిలింగం చెప్పి తీసుకుపోయాడు."

"మరి పొద్దున్నే దరువు?"

"నేనేనండీ. నా చెట్టు మీద వేసి, ఎగిరి ఆ చెట్టు మీద వేసి, మళ్లీ ఇంకో చెట్టు మీదికి పోయి వేస్తా. ఖాళీ అని చెబితే పురుషోత్తంగారికి పడదు. మీరు వచ్చాక చెబుదామనుకున్నా. కొత్త అమ్మగారికి మొదట్లోనే చెడ్డ కబురెందుకని నోరు రాలేదు. నిన్న కుక్కలు దిగినప్పుడు కూడా అలాగే ఎగిరానండీ. రెక్కలు సహకరించలేదు. నాగరత్నం బిడ్డ కాలు నా మూలంగానే పోయింది."

చెప్పేసి కళ్లు మూసుకున్నాడు. ముళ్లపొదకి పొమ్మంటుందని సిద్ధంగా ఉన్నాడు కాబోలు.

వరాలుకి కోపం రాలేదని చెబితే అబద్ధమవుతుంది. వచ్చింది. గోళ్లతో నేల గీరింది. ఇంత పెద్ద సంగతి దాచి, రోజూ పొద్దున్నే నన్ను మురిపించారా అనుకుంది. ఆ మీదట తనెక్కడ కూర్చుందో గుర్తొచ్చింది. బండ మీద కూర్చుని క్షేమమే వింటానన్నది తను. లోటేమైనా ఉందా అని ఇవాళ్టిదాకా ఒక్కరినీ అడగలేదు. ముసలి ప్రాణం మూడు చెట్ల చాకిరీ ఒక్కడే చేస్తుంటే, అది చూడ్డానికి నాలుగడుగులు నడవనూ లేదు. కోపం దానంతటదే చల్లారింది.

"బాబాయ్, నేను పదవిలోకి వచ్చాక నాకు నిజం చెప్పింది నువ్వొక్కడివే. మా అమ్మని ఒకసారి బతికించావు, ఇవాళ నన్ను బతికించావు. నీ మేలు ఈ జన్మకి మర్చిపోను" అంది.

గవర్రాజు కళ్లు తెరిచి చూశాడు. ఎగతాళి చేస్తోందేమోనని ఇంకోసారి చూశాడు. వరాలు ముందుకాళ్లు రెండూ జోడించి నిలబడి ఉంది.

అక్కడి నుంచి అది నేరుగా నాగరత్నం దగ్గరికి పోయింది. పిల్ల పక్కన కూర్చుని, మలుపు చెట్లు ఖాళీ అని, ఆ సంగతి కనుక్కోవలసింది తనే అని, కనుక్కోలేదని, దాపరికం లేకుండా చెప్పింది. నాగరత్నం నెమరు వెయ్యడం ఆపి తలెత్తింది.

"వచ్చినవాళ్లందరూ నా తలరాత అన్నారు. దిష్టి తగిలిందన్నారు. లోటు మాదే అని నువ్వొక్కదానివే అన్నావు" అంది. అని ఊరుకోలేదు, కుంటుతున్న పిల్లని వెంటపెట్టుకుని కొండ అవతలికి తీసుకుపోయింది. చెదలు మేస్తున్న పిట్టల ముందు పిల్లని నిలబెట్టింది. మాట్లాడకుండానే తిరిగి వచ్చేసింది. ఆ సాయంత్రానికి ఒక పడుచు జంట మలుపు చెట్ల మీదికి తిరిగి వచ్చి, దాని వెనకే మరికొన్ని పిట్టలూ వచ్చి వాలాయి.

వరాలు లైనంతా పిలిచి రెండు మాటలు చెప్పింది. ఒకటి, పొద్దున్నే ప్రతి చెట్టూ తన లోటేమిటో చెప్పాలి, ఎంత చిన్నదైనా సరే. చెప్పినవాళ్లకి కింద నుంచి 'మేలు చేశావు' అని తను తిరుగు దరువు వేయిస్తుంది. రెండు, అంతా క్షేమం అనే దరువు ఇక ఈ లైనులో మోగడానికి వీల్లేదు. ఎవరూ వెయ్యకూడదు, ఎవరైనా వేస్తే పక్కచెట్టు మొయ్యకూడదు. పిట్టలు తలలు వాల్చి విన్నాయి. ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. ఆ దరువు మోయనని ముందుగా గవర్రాజే మాటిచ్చాడు.

మొదటి పొద్దున ఎవరూ కిక్కురుమనలేదు. చాలాసేపటికి మలుపు పైనుంచి ఒక నీరసం దరువు దిగింది. గవర్రాజుది. ముక్కు అరిగిపోయింది, గట్టిచెట్టు మీద వెయ్యలేకపోతున్నా, అన్నాడు. వెంటనే కింద నుంచి మేలు దరువు చెట్టు చెట్టూ దాటుకుంటూ పైకి ఎక్కింది. ఎప్పుడూ కొండ నుంచి కిందికి దిగడమే గానీ, కింద నుంచి పైకి ఒక మంచిమాట ఎక్కడం ఆ లైను ఎరగదు. ఆ మధ్యాహ్నమే గవర్రాజుకి కాస్త మెత్తటి బూరుగు చెట్టు చూసిపెట్టారు.

ఇంకేముంది, కట్ట తెగింది. నా చెట్టు ఊగుతోందని ఒకరు, తొర్రలో కందిరీగలున్నాయని ఒకరు, పక్కచెట్టువాడు పట్టపగలు నిద్రపోతున్నాడని ఒకరు, ఆ పక్కచెట్టువాడు లేచి నేను నిద్రపోవడం లేదు, ఆలోచిస్తున్నానని. వరాలుకి తల వాచిపోయింది. అయినా చెప్పిన ప్రతివాళ్లకీ మేలు దరువు వేయించింది, తీర్చగలిగినవి తీర్చింది, తీర్చలేనివి తీర్చలేనని చెప్పింది. కబుర్లు మళ్లీ చకచకా దిగసాగాయి. దుప్పులు చీమగుడ్లు తేవడం మొదలుపెట్టాయి.

ఈ కొత్త దరువుల సంగతులేవీ కోటిలింగంగారికి తెలియవు. తెల్లవారుతుంటే బొరియలో దూరి, ఎండ ముదిరాక లేచే రకం ఆయన. పొద్దుటి దరువులు ఆయన చెవిన పడవు. పడినా పట్టించుకోడు. కంపెనీలు మారవని ఆయన గట్టి నమ్మకం. పైగా ఆ రోజుల్లో ఆయనకి వేరే పని ఉంది. రేసుకుక్కల దగ్గర కూర్చుని పున్నమినాడు పెద్ద విందు ఉందని చెబుతున్నాడు. ఆ పొద్దున అడవి అడవంతా ఏటి ఒడ్డున ఒక్కచోట కూడుతుంది, పైనుంచి కబురు రాకుండా చూసే పూచీ నాది, మీరు తిన్నాక మిగిలింది నాకు, అని బేరం కుదుర్చుకున్నాడు.

పున్నమి వచ్చింది. ఆ ఒక్కరోజుకి కోటిలింగం తెల్లవారకముందే లేచాడు. భద్రయ్యగారు తన మందతో కొండ ఎక్కారు. ఏటి ఇసుకలో దుప్పులు, కుందేళ్లు, అడవిపందులు, ముంగిసలు, నెమళ్లు, అందరూ చేరారు. వరాలు ఆఖరిచెట్టు కింద, తన పాతచోటే, నిలబడింది.

అదే వేళకి కోటిలింగం మలుపు దగ్గరికి చేరి, పడుచు పిట్టల జంటకేసి కంగారుగా చూస్తూ, కొండ అవతల మీ గూట్లోకి పాము దూరుతుంటే చూసి చెప్పిపోదామని వచ్చానన్నాడు. గూట్లో గుడ్లున్నాయి. ఆ జంట ముందూ వెనకా చూడకుండా కొండ అవతలికి ఎగిరిపోయింది. మిగతా పిట్టలు పాము పేరు వినగానే వాళ్లకి సాయంగా వెళ్లాయి. మలుపు మళ్లీ ఖాళీ అయిపోయింది.

కొండ మీద భద్రయ్యగారు కబురు చెప్పబోతూ కిందికి చూసి ఆగిపోయారు. వాగులో నుంచి ఎర్రగా బారులు తీరి రేసుకుక్కలు దిగుతున్నాయి. తను అనుకున్న కబురు వదిలేసి, కుక్కలు దిగుతున్నాయని పంపమన్నారు. చెట్టు నుంచి చెట్టుకి కబురు ఉరికింది. గవర్రాజు తన బూరుగు చెట్టు మీద దడదడా వేసి, మలుపు నుంచి జవాబు కోసం చెవి పెట్టాడు. జవాబు రాలేదు.

దానికి బదులు మలుపులో ఇంకేదో మోగింది. కోటిలింగం ఒక ఎండు ఎముక నోట కరుచుకుని, డొల్ల దుంగ మీద, పురుషోత్తంగారి కాలం నుంచీ అడవిలో పసిపిల్లలకి కూడా కంఠతా వచ్చిన దరువు వేస్తున్నాడు. టక్, టకటక, టక్.

ఏటి ఒడ్డున అందరికీ వినబడింది. ఇసుకలో ఒక్కసారి సందడి రేగింది. కబురు వచ్చేసింది, అంతా క్షేమమట, వరాలు గెలిచిందని ఒకరినొకరు తట్టుకున్నారు. నాగరత్నం మొహంలో చాలాకాలానికి నవ్వు కనిపించింది. ఆఖరిచెట్టు మీది పిట్ట మాత్రం ముక్కు కదపకుండా కిందికి, వరాలుకేసి చూస్తూ ఉండిపోయింది.

వరాలు చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి. దాని మనసులో ఏం జరిగిందో చెబుతాను వినండి. అవును, అదే భద్రయ్యగారి కబురు అంటే చాలు, కంపెనీ నిలిచినట్టే. పెద్దాయన పాతకాలంవాడు, నిజంగానే ఆ మాట పంపి ఉండొచ్చు కూడా. కాదంటే పందెం ఓడిపోయినట్టు తన నోటితో తనే చెప్పుకోవడం. పెద్దరికం పోతుంది, పిట్టలు చెదిరిపోతాయి, రేపటి నుంచి నక్క ఊళే గతి. కానీ ఆ దరువు మోయనని గవర్రాజు బాబాయి తనకి మాటిచ్చాడు. ముక్కు అరిగిందని చెప్పుకున్నవాడు, కందిరీగల గురించి చెప్పుకున్నవాడు, నిద్ర గురించి తిట్టుకున్నవాళ్లు, ఆ లైనులో ఎవరూ ఇవాళ అంతా క్షేమం అనరు.

"ఇది మా లైను కాదు. మావాళ్లెవరూ ఈ దరువు వెయ్యరు. గట్టెక్కండి, తర్వాత మాట్లాడుకుందాం" అంది.

ముసలి అడవిపంది ఒకటి గొణిగింది, గెలిచిన పందెం కాలదన్నుకుంటావా అని. నాగరత్నం పిల్ల మూడుకాళ్లతో అందరికన్నా ముందు గట్టు ఎక్కడం మొదలుపెట్టింది. దాన్ని చూసి ఇంకెవరూ నోరెత్తలేదు. బిలబిలమంటూ అందరూ రాతిగట్టు మీదికి పాకారు.

ఆఖరి కుందేలు తోక పైకి చేరిందో లేదో, రేసుకుక్కలు ఇసుకలోకి వచ్చి పడ్డాయి. ఒడ్డు ఖాళీ. గట్టు నిటారు, ఎక్కడానికి వాటి తరం కాదు. అప్పుడే మిగిలింది తిందామని నోట్లో ఎముకతో సహా కోటిలింగంగారు మలుపు తిరిగి దిగారు. కుక్కలు తలలెత్తి ఆయన్నీ చూశాయి, ఖాళీ ఇసుకనీ చూశాయి. విందన్నావు, ఏదీ అని అడిగాయి. ఆయన సమాధానం వెతుక్కుంటుండగా కొండ మీది నుంచి భద్రయ్యగారి మంద దుమ్ము రేపుకుంటూ దిగడం వినబడింది. కుక్కలు పారిపోతూ పారిపోతూ ఆయన్ని ముందు పెట్టుకుని తరిమాయి. ఆ ఎముక ఇసుకలోనే పడిపోయింది. ఆయన ఊళ మాత్రం ఏరు దాటి, అవతలి అడవి దాటి, సన్నగా అయిపోయేదాకా వినబడింది. అంతదూరం వినబడుతుందని ఆయన మొదట్లో చెప్పిన మాట అబద్ధం కాదని అందరూ ఒప్పుకున్నారు.

భద్రయ్యగారు రొప్పుతూ వచ్చి, గట్టు మీద అందరూ ఉన్నారని కళ్లతో చూసుకున్నాక అడిగారు.

"నా కబురు అందిందా?"

"అందలేదండీ. మలుపు దగ్గర తెగిపోయింది" అంది వరాలు. "తెగిందన్న సంగతి మాత్రం అందింది."

పందెం ప్రకారం చూస్తే ఓడినట్టే. ఇంతలో గవర్రాజు ఎగురుకుంటూ వచ్చి ఆఖరిచెట్టు మీద వాలాడు. జవాబు రాకపోయేసరికి తనే కబురు మోసుకుని వచ్చానని, మళ్లీ ఆలస్యమైందని ఆయాసపడుతూ చెప్పాడు. వెనకాలే మలుపు జంట దిగి, గూట్లో పామూ లేదు ఏమీ లేదు, నక్క మాట నమ్మి చెట్టు వదిలేశాం, తప్పు మాదే అని ఎవరూ అడక్కుండానే చెప్పింది. వరాలు ముందుకాళ్లు జోడించి ఇద్దరికీ మేలు చేశారంది. మేలేమిటని ఆడపిట్ట ఏడ్చేసింది.

భద్రయ్యగారు ఇదంతా చూసి తల అటూ ఇటూ ఆడించి, "తెగని లైను ఈ లోకంలో లేదు. తెగినప్పుడు తెగిందని చెప్పే లైను ఒకటి దొరికింది, నాకది చాలు" అన్నారు. అంతటితో ఆ పంచాయితీ అయిపోయింది. నాగరత్నం పిల్ల గట్టు దిగి వచ్చి, ఇసుకలో పడ్డ ఎముకని వాసన చూసి, కాలితో ఏట్లోకి తన్నింది, బాగున్న కాలితోనే.

అందరూ ఎవరి దారిన వాళ్లు పోయాక వరాలు ఆఖరిచెట్టు కింద కూలబడింది. ఈ చెట్టుకీ, ఈ ముసలిపిట్టకీ, అమ్మకీ, కందిరీగల గురించి నిద్ర గురించి తన బుర్ర తిన్న ఆ పిట్టలన్నిటికీ ఎలా దణ్ణం పెట్టాలో దానికి తెలియలేదు. కళ్లు తుడుచుకుని, రేపు పొద్దున ఏం లోట్లు వింటానో బాబాయ్ అంది.

పై కొమ్మ మీద గవర్రాజు గొంతు సవరించుకున్నాడు.

"రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే చెబుతా విను. ఒసే వరాలూ, పొద్దుటి నుంచీ మేత ముట్టలేదు నువ్వు. ముందు పోయి తిను."

వరాలు పకపకా నవ్వింది. ఆ పదవిలో అది పొందిన జీతం ఆ 'ఒసే' అనే మాటే అని నేనంటాను, మీరు కాదన్నా సరే.

నీతి: లోటు చెప్పినవాళ్లకి దణ్ణం పెట్టే చోట, అంతా బాగుందనే అబద్ధం తనంతట తానే పట్టుబడుతుంది.